మా అక్క వాకిలికి పర్మిషను

మొన్న ఫోనులో కొత్త గది చూపిస్తుంటే మీలో చిన్నది ఒక మాట అడిగింది. గిన్నెల స్టాండు వెనక ఒక తలుపు కనిపిస్తోంది కదా అవ్వా, దాన్ని ఎందుకు మూసిపెట్టారు అని. పక్కనే కూర్చున్న మా అక్క, మీ పెద్దవ్వ, నవ్వి ఊరుకుంది. నేను నెట్టు సరిగా లేదని చెప్పి ఫోను పెట్టేశాను. నెట్టు బాగానే ఉంది. ఆ తలుపు సంగతి ఆమె ముందు చెప్పడానికి నాకే నోరు రాలేదు. ఇప్పుడామె మేడ్చల్‌లో డాక్టరు దగ్గరికి పోయింది, తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం అవుతుంది. ఈలోపల చెప్పేస్తాను.

ఇది చెప్పుకొని సంతోషపడే సంగతి కాదు. నేను పుట్టినప్పటి నుంచి చేపల మధ్యనే ఉన్నాను. మా నాయిన చేపలు పట్టాడు, మీ తాత చేపలు పడుతున్నాడు, నేను నెత్తి మీద గంప పెట్టుకుని శామీర్‌పేట నుంచి మేడ్చల్ దాకా తిరిగి అమ్మాను. గోళ్ళల్లో పొలుసు ఇరుక్కుని ఉంటే అదే చేత్తో మీ అమ్మకు అన్నం తినిపించాను. చేప కంపు అనే మాట మా ఇంట్లో ఎవరి నోటా రాదు. అటువంటి నాకు అసహ్యం అంటే ఏమిటో ఈ ఒక్క గది నేర్పింది.

మీ పెద్దవ్వ నాకన్నా ఆరేళ్ళు పెద్ద. పెళ్ళయ్యాక ఆమెకు పిల్లలు కలగలేదు. మీ పెద్దతాత తాపీపని చేసేవాడు, ఊళ్ళో అందరికీ ఇళ్ళు కట్టి, తనకంటూ ఒక్కటీ కట్టుకోకుండానే పోయాడు. అప్పటి నుంచి ఆమె జవహర్‌నగర్‌లో ఒక రేకుల గదిలో కిరాయికి ఉండేది. నాలుగు గదుల వరుసలో చివరిది. వెనక చెత్త గుట్ట. మీరు ముంబయిలో చూసిన గుట్టలకు అది తీసిపోదు. ఎండాకాలం పొగ, వానాకాలం పులిసిన వాసన. గాలి ఎటు తిరిగితే అటు జనం తలుపులు మూసుకుంటారు. ఆమెకు దగ్గు పట్టుకున్నది అక్కడే.

ప్రతి ఆదివారం మా ఇంటికి వచ్చేది. వచ్చినప్పుడు ముందు తలుపులోంచి లోపలికి వచ్చేది కాదు. పక్క సందులోంచి వెనక్కి వెళ్ళి, నల్లా దగ్గర తల మీద నుంచి నీళ్ళు పోసుకుని, మా ఇంట్లో దాచుకున్న వేరే చీర కట్టుకుని, అప్పుడు లోపలికి వచ్చి కూర్చునేది. నేను వద్దని ఎన్నిసార్లు చెప్పానో. వినేది కాదు.

"గా కంపు నాతోని బస్సెక్కుతాంది చెల్లె," అనేది. "పక్కసీట్ల కూసున్నోళ్ళు లేసి పోతుండ్రు."

మా ఇంటి వెనక వలలు ఆరేసుకునే జాగా మీకు తెలుసు కదా. అక్కడ ఆమెకు ఒక గది వేద్దామని మీ తాతే ముందు అన్నాడు. గది, పొయ్యి పెట్టుకునేంత చోటు, స్నానాలకు ఇంత జాగా. ఆ మాట చెబితే ఆమె సంతోషపడింది కానీ వెంటనే సరే అనలేదు. ఒక్కటే కోరింది.

"మంచం పట్టే జాగ సాలు నాకు. గని వాకిలి నాదుండాలె. పొద్దుగాల లేసి నేనే సాన్పి జల్లాలె, నేనే ముగ్గెయ్యాలె. మీ ఇంట్లకెళ్ళి నడిసి పోయే గదైతే నాకొద్దు."

పెళ్ళయిన నాటి నుంచి కిరాయి ఇళ్ళే. ఆ వరుస గదుల ముందు మురుగు పారే మోరీ ఉంటుంది, గేటు దగ్గర ముగ్గు ఓనరమ్మ వేస్తుంది. డెబ్బై ఏళ్ళ మనిషి, పొద్దున లేచి తన వాకిట్లో ఇంత పేడనీళ్ళు చల్లుకోవడం ఎప్పుడూ ఎరగదు. అదొక్కటే ఆమె అడిగింది.

మా సందులో అందరూ ఎవర్నీ అడక్కుండానే గదులు వేసుకున్నారు. మేమూ వేసేవాళ్ళమే. కానీ అంతకు ముందే రెండు సందుల అవతల ఒకాయన పర్మిషను లేకుండా వేసిన గదిని మిషను వచ్చి పడగొట్టింది. ఆ ఇంటి ఆడవాళ్ళు గిన్నెలు ముందేసుకుని రోడ్డు మీద కూర్చోవడం మేం చూశాం. పెద్దమ్మకు ఆ గతి రావొద్దు, కాగితం ప్రకారమే చేద్దాం అని మీ మామ పట్టుబట్టాడు. మేం ఇల్లు కట్టినప్పుడు ఇది గ్రామపంచాయతీ. సర్పంచ్ సంతకం పెట్టి ఇచ్చిన కాగితం ఒక్కటే ఉంది. ఇప్పుడు మున్సిపాలిటీ. ప్లాను గీయించి, కంప్యూటర్లో పెట్టి, సారు వచ్చి జాగా చూసి వెళ్ళాక పర్మిషను వస్తుందన్నారు.

ప్లాను గీసే ఆయన దగ్గరికి సుచిత్ర చౌరస్తాకు వెళ్ళాం, మీ తాత, మీ మామ, నేను. మెట్లెక్కి పైకి పోతే చల్లటి గది. ఆయన మా జాగా కొలతలు చూసుకుని, గదిలో ఎవరుంటారని అడిగాడు. మా అక్క ఉంటుందని చెప్పాను. వంట వేరేనా అన్నాడు. వేరే అన్నాను. అయితే కుదరదన్నాడు. పొయ్యి వేరైతే ఇల్లు వేరే లెక్కట, మా జాగాలో రెండో ఇంటికి వీల్లేదట. మేం లేవబోతుంటే, దానికేముందమ్మా అన్నాడు. పనిమనిషి గది అని చూపిస్తే వెళ్ళిపోతుంది, అందరూ అట్లాగే చూపిస్తారు అని, మా వైపు చూడకుండానే ఏదో టకటకా కొట్టాడు. తెర మీద మా ఇంటి వెనక ఒక చిన్న గడి, అందులో ఇంగ్లీషులో రెండు మాటలు పడ్డాయి. మీ మామ చదివి నాకు చెప్పాడు.

నా గొంతు చిన్నదని మీకు తెలుసు. ఫోనులో కూడా గట్టిగా మాట్లాడు అవ్వా అని విసుక్కుంటారు. ఆ రోజు వద్దు అనాల్సిన చోట కాగితాల సంచి చేత పట్టుకుని లేచాను. మెట్లు దిగుతుంటే నా మొహం చూసి మీ తాత అన్నాడు, "కాయితమే కదనే. కాయితంల ఏమున్నా, అండ్ల పండేది మీ అక్కనే."

నిజమే అనుకున్నాను. అక్కకు మాత్రం చెప్పలేదు. కాగితంలో ఏం రాశారని ఆమె అడగనూ లేదు. ఎందుకు అడుగుతుంది, చెల్లెలు రాయించింది కదా.

ఆ తర్వాత మేం ఒక తప్పు చేశాం. ఇది తప్పని మా ఇళ్ళల్లో ఎవరికీ తోచదు. కాగితాలు పెట్టిన వారానికే పూజలు చేయించే మా అయ్యగారు కబురు చేశాడు. మూఢం వస్తోంది, అది వస్తే మళ్ళీ మంచిరోజుల కోసం నెలలు ఆగాలి, ఈ గురువారం దాటితే లేదు అని. మాకు ఇల్లు మొదలయ్యేది పర్మిషను వచ్చిన రోజు కాదు, అయ్యగారు చెప్పిన రోజు. సున్నంతో గీతలు గీసి ముగ్గు పోయించాం. ఈశాన్యం మూల మోకాలిలోతు గుంత తవ్వి, నవధాన్యాలు పోసి, పసుపు రాసిన అయిదు ఇటుకలు పెట్టాం. పాలు అక్క చేతనే పోయించాం. ఆమె ఆ రోజు కొత్త చీర కట్టుకుని వచ్చింది, అయినా నల్లా దగ్గర నీళ్ళు పోసుకుని మళ్ళీ అదే చీర కట్టుకుంది. అది పూజ. పని మొదలుపెట్టడమని మాకెవరికీ అనిపించలేదు.

నాలుగు రోజులకు జాగా చూడటానికి మున్సిపాలిటీ సారు వచ్చాడు. చేతిలో నల్ల సంచి, తెల్లగా ఇస్త్రీ చేసిన చొక్కా. సున్నం గీతలు చూశాడు, గుంతలోకి తొంగి చూశాడు, మూడు వైపుల నుంచి ఫోటోలు తీశాడు. పర్మిషను రాకముందే పని మొదలుపెట్టారని సంచిలోంచి ఒక కాగితం తీసి, అక్కడే మోకాలి మీద పెట్టుకుని రాసి మీ తాత చేతిలో పెట్టాడు. నోటీసు అన్నాడు. అది పూజ సారూ, మూఢం వస్తోందని చేసుకున్నాం అని మీ తాత చెప్పబోయాడు.

"పూజ ముచ్చట నాకెందుకు తాతా. గుంత ఉన్నదా, లేదా?"

గుంత ఉంది. ఏమంటాం. గుంత పూడ్చేయాలి, ఇటుకలు కంటికి కనబడొద్దు, ఫైలు సంగతి తర్వాత చూస్తానన్నాడు. వెళ్ళబోతూ ఆరేసిన వల చూశాడు. అంతవరకు ఉన్న గొంతు మారిపోయింది. కొర్రమట్టలు దొరుకుతాయా తాతా, మా అత్తకు ఆపరేషను అయింది, పుండు మానాలంటే కొర్రమట్ట పెట్టమన్నారు అని అడిగాడు. మీ తాతకు ప్రాణం లేచొచ్చింది. చేపతో తీరే పనైతే మన చేతిలోనే ఉందన్నాడు.

ఇటుకలు బయట పడేయకూడదని అయ్యగారు అన్నాడు. అక్క వాటిని తువ్వాలలో మూటకట్టుకుని, బస్సులో జవహర్‌నగర్ తీసుకుపోయి, మంచం కింద పెట్టుకుంది.

ఎండాకాలం చెరువులో నీళ్ళు అడుక్కు పోతాయి. కొర్రమట్ట బురదలోకి దూరుతుంది. వలకు రాదు, చేతులతో తడిమి పట్టాలి. మోకాళ్ళ నొప్పులతో మీ తాత తొడల దాకా బురదలో దిగి, వంగి, తెల్లారి నుంచి ఎండెక్కే దాకా వెతికేవాడు. బతికున్నదే కావాలనేవాడు ఆ సారు. స్టీలు క్యాను తనే తెచ్చుకునేవాడు. ముందు అత్త కోసం అన్నాడు. తర్వాత బావమరిది వచ్చాడన్నాడు. ఆ తర్వాత పైసారుకు అన్నాడు. మళ్ళీ అత్తకు ఆపరేషను అన్నాడు. ఆ అత్తకు అన్ని ఆపరేషన్లు ఎట్లా అయ్యాయో ఆమెకే తెలియాలి.

వచ్చిన ప్రతిసారీ జేబులోంచి చేతిరుమాలు తీసి ముక్కుకు పెట్టుకునేవాడు. మీ ఇంట్లో ఈ కంపుకు ఎట్లా ఉంటారమ్మా అనేవాడు. ఒక చేత్తో ముక్కు మూసుకుని, రెండో చేత్తో మా చేపలున్న క్యాను మూత బిగించుకునేవాడు. క్యానులో చేప కొట్టుకుంటుంటే ఆ చప్పుడుకు నవ్వేవాడు. యాభై ఏళ్ళు చేపలు కడిగిన నీళ్ళు నేనే మోరీలో పారబోశాను, ఏనాడూ ఏమీ అనిపించలేదు. ఆయన కూర్చుని లేచిన ప్లాస్టిక్ కుర్చీని మాత్రం ప్రతిసారీ సబ్బుతో కడిగేదాన్ని. అదేం పిచ్చి అని మీ తాత అడిగితే కాకి రెట్ట వేసిందని చెప్పేదాన్ని.

ఇంతలో మృగశిర కార్తె, మన మిరుగు వచ్చింది. మిరుగు రోజు మన దగ్గర చేప తినని ఇల్లుండదు. మాకు ఊపిరి సలపని రోజు. నాకు సాయం చేయడానికి అక్క పొద్దున్నే బస్సెక్కింది. ఆమె వచ్చి వెనక నల్లా దగ్గర నీళ్ళు పోసుకుంటున్నప్పుడే సారు బండి ఆగింది. ఆ రోజు చేపలు శుభ్రం చేసి ఇమ్మన్నాడు, ఇంట్లో వాళ్ళు ముట్టుకోరట. నేను కత్తిపీట వేసుకుని, బూడిద దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. ఆయన కుర్చీలో రుమాలు పట్టుకుని కూర్చున్నాడు.

అక్క తడి జుట్టుతో, వేరే చీర కట్టుకుని సందు మలుపులోంచి వచ్చింది. ఆయన ఆమెను కిందికీ పైకీ చూశాడు.

"ఈమెనేనా మీ పనామె? గది గీమెకేనా?"

నా చేతిలో చేప ఇంకా కొట్టుకుంటోంది. అక్క నా వైపు చూసింది. ఒక్క చూపే. నేను తల వంచుకుని బూడిదలోకి చూశాను. ఆమెకు అప్పటికే అర్థమైపోయిందని నాకు తెలిసింది. చిన్నప్పటి నుంచి అంతే, నేను అబద్ధం చెప్పకముందే ఆమెకు తెలుస్తుంది.

"అవు సారు, నేనే," అంది.

కొంగు నడుముకు దోపుకుని నా దగ్గరికి వచ్చింది. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి, నా జడలు వేసిన మనిషి, నా ముందు వంగి నిలబడి అంది.

"మీరు లెవ్వుండ్రమ్మా. నేను జేస్త."

నేను లేచాను. నమ్మండి, నేను లేచాను. లేచి గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆమె కూర్చుని చేపలన్నీ బూడిదతో రుద్ది, పొలుసు తీసి, ముక్కలు కోసింది. తలకాయలు పారేయొద్దని ఆయన చెబితే సరే సారూ అంది. క్యాను బయటివైపు కూడా కడగమంటే కడిగింది. ఈమె మంచి పనామె, పోనీయకండి అని నాకు చెప్పి, బండెక్కి వెళ్ళిపోయాడు.

అక్క చేతులు కడుక్కుని వచ్చింది. కోప్పడుతుందేమో అనుకున్నాను. కోప్పడితే బాగుండేది.

"ముందుగాల జెప్పుంటే ఇంక మంచిగ జేస్తుంటి గద," అంది.

ఆ మధ్యాహ్నం అందరం చేపల పులుసు కలుపుకున్నాం. ఆమె తిన్నది. నేనూ ఒక ముద్ద కలిపాను. నోట్లో పెట్టుకుంటే పులుసు వాసన కాదు, ఆయన చేతిరుమాలుకు పూసుకున్న సెంటు వాసన వచ్చింది. లేచి వెనక్కి పోయి ఉమ్మేశాను. అప్పటివరకు నా అసహ్యమంతా ఆయన మీదనే. నల్లా దగ్గర నోరు కడుక్కుంటూ నిలబడితే తెలిసింది, ఆయన మా అక్కకు ఆ పేరు పెట్టలేదు. కాగితం మీద చూసి చదివాడంతే. పెట్టించింది నేను.

మర్నాడు మీ మామను వెంటబెట్టుకుని ఆఫీసుకు పోయాను. మీ తాతకు చెప్పలేదు. కిటికీ వెనక ఒక గుమాస్తా ఉన్నాడు, రిటైరు దగ్గరపడ్డవాడు. మా ఫైలు వెనక్కి తీసుకుంటామని చెప్పాను. వినబడలేదని ఆయన ముందుకు వంగాడు. మళ్ళీ చెప్పాను. నంబరు చూసి కంప్యూటర్లో వెతికి, ఎందుకమ్మా అన్నాడు. నోటీసు ఇచ్చారు కదా సారూ, ఎట్లాగూ ఆగిపోయింది కదా అన్నాను.

"మీ ఫైలు మీద నోటీసేం లేదమ్మా. అంతా సాఫ్ ఉన్నది. పది దినాలల్ల పర్మిషన్ వస్తది, పోయి ఆగుండ్రి."

మీ మామ సంచిలోంచి ఆ నోటీసు తీసి చూపించాడు. గుమాస్తా దాన్ని వెనక్కీ ముందుకీ తిప్పి చూశాడు. నంబరు లేదు, ముద్ర లేదు. మడిచి తిరిగి ఇచ్చేశాడు. ఆ మడిచే తీరు చూస్తే అటువంటివి ఆయన చాలా చూశాడని తెలిసింది. అంటే ఎండాకాలమంతా మీ తాత బురదలో తడిమింది ఉత్త కాగితం కోసం. ఆ కాగితం ఆఫీసు గడప కూడా తొక్కలేదు. ఆయన సంచిలో పుట్టి మా ఇంట్లో ఉండిపోయింది.

అప్పుడు ఇంటికి తిరిగి రావాల్సింది. పది రోజులు ఆగితే పర్మిషను చేతికొస్తుంది, వానలు ముదిరేలోపు గది మీద కప్పు పడుతుంది, అక్క ఆ గుట్ట కింద నుంచి బయటపడుతుంది. మీ మామ చెయ్యి పట్టుకుని పద అమ్మా అన్నాడు కూడా. నేను కదల్లేదు. గదికి పెట్టిన పేరు తప్పు సారూ, అది మా అక్క గది, అట్లా మార్చి రాయండి అన్నాను. ఆయన జాలిగానే చూశాడు. అక్క గది అని రాసే గడి ఇందులో లేదమ్మా అన్నాడు. మార్చడానికి కుదరదు, ఇది తీసేసి మళ్ళీ మొదటి నుంచి పెట్టుకోవాలి అన్నాడు.

తీసేయమన్నాను. జీవితంలో ఒక ఆఫీసులో నేను మాట్లాడింది అదొక్క రోజే.

ఇంటికి వచ్చి చెబితే మీ తాత నెత్తి పట్టుకుని కూర్చున్నాడు. మరుసటి ఆదివారం అక్కకు చెప్పాను. ఆమె మెచ్చుకుంటుందని లోపల ఒక మూల అనుకున్నట్టున్నాను.

"పనామె అంటే నాకేం బొబ్బలొచ్చినయా? గది వస్తుండె. నన్ను అడిగినవా నువ్వు? అప్పుడు రాసేటప్పుడు అడగలె, ఇప్పుడు తీసేటప్పుడు అడగలె. నీ మనసు కడుక్కోనీకి నా గదే దొరికిందా?"

దాచుకున్న చీర తీసి సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. మూడు ఆదివారాలు రాలేదు.

నాలుగో వారం నేనే వెళ్ళాను. రెండు రోజులుగా ముసురు. బస్సు దిగగానే ఆ వాసన మొహానికి కొట్టింది. పులుపో తీపో చెప్పలేం, గొంతులో అంటుకుని దిగదు. ఆమె గది ముందు మోరీ పొంగి నల్లనీళ్ళు గడప దాటాయి. మంచం కింద ఇటుకల మూటను తడవకుండా పీట మీదికి ఎత్తి పెట్టుకుంది. తను మంచం మీద కాళ్ళు ముడుచుకుని దగ్గుతోంది. చాయ్ పెడతానంది. ఆ గ్లాసు చేతిలోకి తీసుకున్నప్పుడు నా రెండో చెయ్యి కొంగు తీసి ముక్కుకు పెట్టుకుంది. నేను పెట్టుకోలేదు, చెయ్యే పెట్టుకుంది. అక్క చూసింది. రుమాలు పట్టుకుని మా కుర్చీలో కూర్చున్న మనిషి నాకు గుర్తొచ్చాడు. కొంగు దించాను కానీ చాయ్ తాగలేకపోయాను.

"ఇడిసిపెట్టు చెల్లె. అలవాటు లేనోళ్ళకు గట్లనే అయితది," అంది.

ఆ మాట ప్రేమగానే అంది. అందుకే ఇంకా ఎక్కువ గుచ్చుకుంది.

ప్లాను గీసే ఆయన దగ్గరికి మళ్ళీ వెళ్ళాం. పనిమనిషి అనే మాట ఉండొద్దన్నాం. అయితే మీ ఇంట్లో భాగంగానే చూపించాలి, మీ వంటింట్లోంచి ఆ గదిలోకి తలుపుండాలి, అప్పుడది మీ ఇంటి పడకగది అవుతుంది అన్నాడు. పొయ్యి చోటును గిన్నెలు కడిగే జాగా అని చూపించాడు. పక్క సందులోకి ఇంకో తలుపు పెట్టుకోవచ్చన్నాడు. వెనక వదలాల్సిన జాగా వదిలితే గది కొంచెం చిన్నదైంది. ఇదీ పూర్తి నిజం కాదు, నాకు తెలుసు. కానీ ఈ కాగితంలో మా అక్క మా ఇంటి మనిషి. ఈసారి ముందే బస్సెక్కి పోయి, ప్లాను ఆమె ముందు పరిచి, ఒక్కో గీత చూపించి అడిగాను. వంటింటి తలుపు మీద వేలు పెట్టి ఇదేందని అడిగింది. కాగితం కోసం అని చెప్పాను. ఊఁ అంది.

ఈసారి జాగా చూడటానికి స్కూటీ మీద ఒక అమ్మాయి వచ్చింది, మీ అమ్మకన్నా చిన్నది. టేపు పట్టుకుని కొలిచింది, రెండు ఫోటోలు తీసింది, మంచినీళ్ళిస్తే తాగి, వలలు బాగున్నాయమ్మా అని వెళ్ళిపోయింది. బతుకమ్మ ముందు మీ మామ ఫోనుకు పర్మిషను వచ్చింది. ఇంట్లో అందరూ సంబరపడ్డారు. నాకు సంతోషం రాలేదు. ఇంత తేలికా ఇది, పావుగంట పని, ఒక గ్లాసు నీళ్ళు. దీనికోసమా మేం అన్ని రోజులు ఆ మనిషి ముందు చేతులు కట్టుకుని నిలబడింది. ఆయన వేరే ఊరికి బదిలీ అయ్యాడని తర్వాత విన్నాం. అక్కడ ఏ చెరువుందో, ఎవరు బురదలో దిగుతున్నారో.

పునాది తీసిన రోజు అక్క ఆ అయిదు ఇటుకలు తెచ్చింది. పసుపు పోయింది, అంచులు నాని రాలుతున్నాయి. వాటికీ ఆ కంపు పట్టింది. నల్లా దగ్గర కూర్చుని ఒక్కోదాన్ని కడిగి, ఎండలో ఆరబెట్టి, మళ్ళీ పసుపు రాసి తనే గుంతలో పెట్టింది. కొత్తవి తెద్దామన్నా ఒప్పుకోలేదు.

మాఘంలో గదిలోకి వచ్చింది. సామాను ఎంతని, ఒక మంచం, ఒక పెట్టె, గిన్నెల స్టాండు. లోపలికి రాగానే ఎవర్నీ సాయం అడగకుండా స్టాండును ఈడ్చుకుంటూ పోయి వంటింటి తలుపుకు అడ్డంగా పెట్టి, గిన్నెలు సర్దేసింది. నేను వంటింట్లో ఇవతల నిలబడి ఆ గిన్నెల చప్పుడు విన్నాను. ఆ తలుపు ఈనాటి వరకు తెరవలేదు. నేను తెరవమని అడగలేదు. పిల్లలూ, మీరడిగిన దానికి ఇదే జవాబు.

మర్నాడు తెల్లారి చీపురు చప్పుడుకు లేచి సందులోకి తొంగి చూశాను. సాన్పి చల్లేసింది. వంగి ముగ్గు వేస్తోంది. సందు వెడల్పే మూడడుగులు, అందులో ఎంత ముగ్గు పడుతుంది, అయినా చుక్కలు లెక్కపెట్టుకుంటూ వేసింది. మధ్యమధ్యలో దగ్గుతోంది. ఆ దగ్గు మాత్రం ఆమెతోనే వచ్చింది, పోలేదు. ఆ వానాకాలం కూడా ఆ గుట్ట కింద గడపకపోతే పోయేదేమో, డాక్టరు అట్లా అనలేదు, నేనే అనుకుంటాను. ఇప్పుడు ఆమె వెళ్ళింది ఆ దగ్గుకు మందులు తేవడానికే.

ఇప్పటికీ చేపలు ఎక్కువ వచ్చిన రోజు సాయానికి పిలుస్తాను. కొంగు దోపుకుని వస్తుంది. వచ్చి కత్తిపీట ముందు కూర్చుంటూ ఎవరూ లేకుండా చూసి అంటుంది, "ఏమమ్మా, జీతమెంతిస్తరు?" మీ తాతకు వినబడితే పగలబడి నవ్వుతాడు. ఆమె కూడా నవ్వుతుంది. నేనూ నవ్వుతాను. కొర్రమట్ట మాత్రం నేను తినడం మానేశాను.

సెలవులకు మీరు వచ్చినప్పుడు పెద్దవ్వ దగ్గరికి మా వంటింట్లోంచి పోదామని చూడకండి. పక్క సందులోంచి వెళ్ళండి. చెప్పులు ఆమె వాకిలి బయట విడవండి. ముగ్గు తొక్కకుండా పక్కన నిలబడి, పెద్దవ్వా అని పిలవండి. తలుపు ఆమె వచ్చి తీస్తుంది.